తోతాపురి తూకం చీటీలో రేటు గడి ఖాళీ. ఏం చేయాలి?

రైతుబిడ్డ_చిత్తూరు
జూన్ 24, 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ కడుపు మండి రాస్తున్నా.

మాది నాలుగెకరాల తోతాపురి మామిడి తోట. మా నాయన పెట్టిన చెట్లు. ఈసారి కాపు బాగా వచ్చింది, అదే ముంచింది. శనివారం తెల్లారి కోసి, మొదటి ట్రాక్టర్ గుజ్జు ఫ్యాక్టరీకి తోలాం. టోకెన్ ఉంది. అయినా మా ముందు రెండు కిలోమీటర్ల లైను. సోమవారం మధ్యాహ్నానికి గానీ గేటు లోపలికి పోలేదు. అప్పటికి అడుగు కాయ మాగి ట్రాక్టర్ కింద రసం కారుతోంది. మెత్తబడిందని మూడు క్వింటాళ్లు పక్కన పోయించారు.

ప్రభుత్వం కిలోకు 12 అంది కదా, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. తూకం అయ్యాక చీటీ ఇచ్చారు. బరువు ఉంది, తేదీ ఉంది, బండి నంబరు ఉంది. రేటు అన్న గడి మాత్రం ఖాళీ. అడిగితే, 'రేటు తర్వాత చెప్తాం, అందరికీ ఎంతో నీకూ అంతే' అన్నారు. బయట ర్యాంపులో (వ్యాపారులు కాయ కొనే చోటు) అడిగితే కిలో 4 అన్నాడు, అదీ రెండు రోజులాగి రమ్మన్నాడు.

చెట్టు మీద ఇంకా పదహారు టన్నులుంది. కోయాలా వద్దా? ఈ చీటీతో రేపు 8 అడిగే హక్కు నాకుందా?

శ్రీనివాసపుర_తోట
జూన్ 24, 2025, రాత్రి 9:40

మీకు గేటన్నా తెరిచారు అన్నా. మాది కోలారు జిల్లా శ్రీనివాసపుర. ఇంట్లో తెలుగే, ఓటు మాత్రం కర్ణాటకలో. మా నాయన కాలం నుంచి మా కాయ చిత్తూరు ఫ్యాక్టరీలకే వస్తుంది. జూన్ 7న మీ జిల్లా కలెక్టర్ బయటి రాష్ట్రాల తోతాపురి రాకూడదని ఉత్తర్వు ఇచ్చారు. చెక్‌పోస్టులో మా బండి ఆపి వెనక్కి పంపారు. మా ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మీ ముఖ్యమంత్రికి 11న ఉత్తరం రాశారు. ఉత్తరాలు పోతా ఉన్నాయి, కాయ కుళ్లుతా ఉంది.

గుజ్జు_పాతకాపు
జూన్ 24, 2025, రాత్రి 10:25

రైతుబిడ్డగారూ, ముందు కోత మాట. ఉన్నదంతా ఒకేసారి కోయకండి. టోకెన్ తేదీకి ముందు రోజు సాయంత్రం మాత్రమే కోయించండి. ఎండ తగలని కాయ ఒక రోజు ఎక్కువ ఆగుతుంది. చీటీని ఫోటో తీసి పెట్టుకోండి, రైతు సేవా కేంద్రంలో మీ పేరు, సర్వే నంబరు, తూకం ఎక్కాయో లేదో ఇప్పుడే చూసుకోండి. 4 రూపాయల రాయితీ దాని మీదే వస్తుంది.

నేను పద్దెనిమిదేళ్లు గుజ్జు ఫ్యాక్టరీల్లో లెక్కలు రాసినవాణ్ని. ఇప్పుడు మానేశా కాబట్టి రాస్తున్నా. రేపు వివరంగా చెప్తా.

లెక్కల_మాస్టారు
జూన్ 25, 2025, ఉదయం 6:50

హక్కు ఉందా అని అడిగారు. సూటిగా చెప్తే, బలమైన హక్కు లేదు.

చెరకు చూడండి. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ఉంది. కేంద్రం ప్రకటించిన ధరకంటే తక్కువ ఇవ్వకూడదు. గడ దించిన 14 రోజుల్లో డబ్బు కట్టాలి, కట్టకపోతే 15 శాతం వడ్డీ. ఫ్యాక్టరీలు అదీ ఎగ్గొడతాయి, కానీ రైతు చేతిలో కాగితమన్నా ఉంటుంది. వరి, కంది, వేరుశనగలకు మద్దతు ధర ఉంది. పండ్లు, కూరగాయలు ఆ జాబితాలోనే లేవు. మామిడికి ప్రకటించిన 8 రూపాయలు అధికారులు ఫ్యాక్టరీలను కూర్చోబెట్టి ఒప్పించిన మాట. చెరకు ధర లాంటి చట్టం దాని వెనక లేదు.

అందుకే ఆ గడి ఖాళీగా ఉంది. రేటు రాస్తే అది బాకీ. రాయకపోతే మాట.

రైతుబిడ్డ_చిత్తూరు
జూన్ 25, 2025, ఉదయం 7:30

మాస్టారూ, పొద్దున్నే ఇది చదివి టీ కూడా దిగలేదు.

దుబాయ్_పలమనేరు
జూన్ 25, 2025, మధ్యాహ్నం 1:15

నాకొక లెక్క అర్థం కావడం లేదు. ఇక్కడ సూపర్ మార్కెట్‌లో మన మామిడి డ్రింకులు బోలెడు. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం పండ్ల డ్రింకు అని రాయాలంటే కనీసం 10 శాతం పండ్ల రసం ఉంటే చాలు. అంటే లీటరు డ్రింకులో వంద గ్రాముల గుజ్జు. వంద గ్రాముల గుజ్జుకు రెండు వందల గ్రాముల కాయ అనుకుందాం. కిలో 8 చొప్పున కాయ ఖర్చు రూపాయి అరవై పైసలు. 12 చొప్పున వేసినా రెండు రూపాయల నలభై. కొన్ని కంపెనీలు గుజ్జు రెట్టింపు వేస్తాయి, సరే, అప్పుడు ఐదు రూపాయల లోపు. ఆ లీటరు సీసా ఎంతకు అమ్ముతున్నారో మీకు తెలుసు. కిలోకు నాలుగు రూపాయలు రైతుకు పెంచితే సీసా మీద రూపాయో రెండో. ఆ రూపాయి కోసమా ఇంత రభస?

మదనపల్లె_టమాటా
జూన్ 25, 2025, మధ్యాహ్నం 1:32

ఆ సీసాలో ఎక్కువ భాగం నీళ్లూ చక్కెరా. మిగిలిన కాసింత మనం.

గుజ్జు_పాతకాపు
జూన్ 25, 2025, రాత్రి 9:05

దుబాయ్ తమ్ముడి లెక్క తప్పు కాదు. అయితే ఆ సీసా కంపెనీ రైతు దగ్గర కాయ కొనదు. ఫ్యాక్టరీ దగ్గర గుజ్జు కొంటుంది. మధ్యలో ఉన్న ఫ్యాక్టరీ కథ కూడా వినండి, ఆ తర్వాత తిట్టండి.

తోతాపురి సీజన్ జూన్ నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా. ఆ అరవై డెబ్బై రోజుల్లోనే ఏడాదికి సరిపడా గుజ్జు ఆడాలి. తర్వాత కొంచెం జామ, కొంచెం టమాటా ఆడించినా, మిషన్లు ఎక్కువ కాలం ఖాళీయే. గుజ్జును క్రిముల్లేకుండా వేడిచేసి, సంచిలో నింపి, డ్రమ్ములో పెడతారు. డ్రమ్ముకు 215 కిలోలు. ఏడాదికి పైగా ఆగుతుంది. ఆగుతుంది అన్నదే ఇక్కడ అసలు సంగతి. కాయ మూడు రోజులు ఆగదు, గుజ్జు ఏడాది ఆగుతుంది. బేరం ఎవరి చేతిలో ఉంటుందో మీరే చెప్పండి.

2024లో కాపు తక్కువ. కాయ కోసం ఫ్యాక్టరీలు పోటీపడ్డాయి, కిలో 20 దాటించి కొన్నవాళ్లున్నారు. ఆ రేటుకు ఆడిన గుజ్జు అనుకున్నంత అమ్ముడుపోలేదు. ఎగుమతుల్లో గల్ఫ్, యూరప్ ముఖ్యం. ఎర్ర సముద్రంలో గొడవలు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం, కంటైనర్ బాడుగ పెరగడం, కొన్నవాడు ఇప్పుడు కాదు తర్వాత అనడం. గోడౌన్‌లో డ్రమ్ములున్నాయి, డ్రమ్ముల మీద బ్యాంకు అప్పుంది, అప్పు మీద వడ్డీ నడుస్తోంది. ఈ ఏడు కాయ విరగ కాసింది. పాత సరుకు అమ్ముడుపోనివాడు కొత్త కాయకు పరిగెత్తడు.

అలాగని వాళ్లు పుణ్యాత్ములని కాదు. గేటు ముందు లైను ఎంత పొడుగుంటే రేటు అంత దిగుతుందని నాకు లోపలి కుర్చీలో కూర్చున్నప్పుడే తెలుసు. ఒకసారి ఒక మేనేజరు, రెండో లైను మిషను బాగానే ఉన్నా 'రిపేరు' అని బోర్డు పెట్టించాడు. ఆ బోర్డు రాసింది నేనే. పేరు అడగొద్దు.

పెన్నేటి_చీనీ
జూన్ 26, 2025, ఉదయం 8:10

మా అనంతపురం చీనీకి, అదే బత్తాయికి, ఇలాంటి బోర్డులు అక్కర్లేదు. 'సూట్' అని ఒక మాట చాలు. పోయిన కాపులో టన్నుకు 80 కిలోలు సూట్ కింద పోయింది నాకు. దేనికి అంటే కాయ ఎండుతుంది, దెబ్బ తగులుతుంది, ఆచారం. ఆ మీద కమీషను, హమాలీ. టన్ను తోలితే 920 కిలోలకే డబ్బు. 80 కిలోల కాయను ఆ వ్యాపారి పారేస్తాడా ఏంది, అమ్ముకుంటాడు.

చీటీలో రేటు గడి మాకు నిండే ఉంటుంది అన్నా. బరువు గడిలో బరువే తక్కువ.

మోడరేటర్
జూన్ 26, 2025, ఉదయం 9:00

పార్టీల గురించిన ఏడు వ్యాఖ్యలు తీసేశాను. ఏ ప్రభుత్వం మేలు అన్నదానికి వేరే చోటు ఉంది. ఫ్యాక్టరీల పేర్లు, వ్యాపారుల పేర్లు కూడా రాయొద్దు.

రైతుబిడ్డ_చిత్తూరు
జూన్ 28, 2025, రాత్రి 8:45

ఇంకో రెండు ట్రాక్టర్లు తోలాను, పాతకాపు అన్న చెప్పినట్టు టోకెన్ ముందు రోజు సాయంత్రం కోసి. ఈసారి ఒక్క రాత్రితో అయిపోయింది, కాయ తీసేయలేదు. అన్నకు దండం. రేటు గడి మాత్రం అలాగే ఖాళీ.

నా లెక్క కూడా రాస్తాను, తప్పుంటే చెప్పండి. నాలుగెకరాలకు దుక్కి, ఎరువు, కొమ్మ కత్తిరింపు కలిపి 32 వేలు. మందులు నాలుగు సార్లు కొట్టా, 48 వేలు. పూత మీద తామర పురుగు వస్తే ఆగలేం కదా. కోత కూలి, ఎత్తుడు కూలి కిలోకు రూపాయిన్నర, 20 టన్నులకు 30 వేలు. ట్రాక్టర్ ఆరు ట్రిప్పులు, 18 వేలు. మొత్తం లక్షా 28 వేలు. అంటే చెట్టు కింద నా కష్టం, మా ఆవిడ కష్టం వేయకుండానే కిలోకు 6 రూపాయల 40 పైసలు పడింది. లైనులో ఆగినందుకు డ్రైవర్‌కు ఇచ్చింది ఇందులో లేదు.

8 ఇస్తే బతుకుతా. 5 అంటే 28 వేలు నేనే ఎదురిచ్చినట్టు.

లెక్కల_మాస్టారు
జూన్ 28, 2025, రాత్రి 9:20

లెక్క సరిగ్గానే ఉంది. ఒకటి గమనించారా? మీ ఖర్చులో 80 వేలు కాయ రాకముందే పెట్టేశారు. అది ఎలాగూ తిరిగి రాదు. ఇప్పుడు కోయాలా వద్దా అన్నప్పుడు చూడాల్సింది మిగతా 48 వేలే, అంటే కిలోకు 2 రూపాయల 40 పైసలు. అందుకే రేటు 4కు పడినా రైతు కోస్తాడు. కోయకపోతే ఇంకా నష్టం. అవతలివాడికి ఈ సంగతి మీకంటే బాగా తెలుసు. రేటు ఎక్కడిదాకా దించవచ్చో వాడు మీ ఖర్చు చూసి కాదు, మీ కోత కూలి చూసి లెక్క కడతాడు.

శ్రీనివాసపుర_తోట
జూన్ 30, 2025, ఉదయం 10:05

మాకు కేంద్రం ఒప్పుకుంది. మార్కెట్ జోక్యం పథకం కింద రెండున్నర లక్షల టన్నులకు, క్వింటాలు 1,616 రూపాయలు లెక్క. కాయ కొనరు, తేడా మాత్రం ఖాతాలో వేస్తారంట, కేంద్రం సగం రాష్ట్రం సగం. మా పక్క ఊళ్లో అప్పటికే సగం కాయ చెరువు కట్ట మీద పోశారు. పోసిన కాయకు చీటీ ఎక్కడిది? చీటీ లేనిదే తేడా రాదు.

మదనపల్లె_టమాటా
జూన్ 30, 2025, ఉదయం 10:30

చీటీ ఉన్నవాడికి రేటు లేదు, రేటు ఉన్నవాడికి చీటీ లేదు. బాగుంది.

దుబాయ్_పలమనేరు
జూన్ 30, 2025, సాయంత్రం 6:00

ఒక మాట అడుగుతా, కోప్పడొద్దు. కర్ణాటక కాయను చిత్తూరులో ఆపడం వల్ల మన రైతుకు నిజంగా మేలు జరిగిందా?

రైతుబిడ్డ_చిత్తూరు
జూన్ 30, 2025, రాత్రి 8:20

అన్నా, నిజం చెప్తా. ఆపినప్పుడు నాకు సంతోషమే వేసింది. మన కాయకే దిక్కులేదు, బయటి కాయ ఎందుకు అనుకున్నా. ఇక్కడ శ్రీనివాసపుర అన్న రాసింది చదివాక నోరు పెగల్లేదు. మా చిన్నత్తను ఇచ్చింది ఆ తాలూకాలోనే.

గుజ్జు_పాతకాపు
జూన్ 30, 2025, రాత్రి 9:15

కొంత మేలు జరిగింది, కాదనను. లైను కొంత తగ్గింది. కానీ మంచి ఏడాదిలో కాయ చాలక మనమే కోలారు నుంచి, కృష్ణగిరి వైపు నుంచి తెప్పించుకుంటాం. ఈ ఏడు గేటు వేస్తే, వచ్చే ఏడు ఆ కాయ తమిళనాడు ఫ్యాక్టరీలకు పోతుంది. అప్పుడు మన దగ్గర మిషన్లు ఖాళీగా తిరుగుతాయి. సరిహద్దు మనుషులు గీసింది. చెట్టుకు, ఫ్యాక్టరీకి అది తెలియదు.

కందనవోలు_ఉల్లి
జూలై 3, 2025, ఉదయం 7:45

గేట్లు వేయడం గురించి ఉల్లి రైతును అడగండి. 2023 ఆగస్టులో ఎగుమతి మీద 40 శాతం సుంకం వేశారు. డిసెంబరులో ఏకంగా నిషేధం. 2024 మేలో నిషేధం తీశారు గానీ టన్నుకు 550 డాలర్ల కనీస ధర, ఆ పైన మళ్లీ 40 శాతం సుంకం పెట్టారు. సుంకం పూర్తిగా పోయింది ఈ ఏప్రిల్ 1న. ఈలోగా మన ఉల్లి కొనేవాళ్లు వేరే దేశాల ఉల్లికి అలవాటుపడ్డారు. గేటు వేయడానికి ఒక సంతకం చాలు. పోయిన గిరాకీని తెచ్చే సంతకం ఎవరి దగ్గరా లేదు. మా కర్నూలులో ఇప్పుడు నారు పోసుకుంటున్నాం, చూద్దాం.

ఒక_వినియోగదారు
జూలై 3, 2025, మధ్యాహ్నం 12:10

నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఇక్కడ నాకు మామిడి కిలో 80కి తక్కువ దొరకలేదు. 4 రూపాయల కాయ ఎక్కడుందో నాకు తెలియడం లేదు.

లెక్కల_మాస్టారు
జూలై 3, 2025, సాయంత్రం 5:30

మీరు తినేది బంగినపల్లి అమ్మా, చిత్తూరులో బేనీషా అంటారు. అది వేరే బజారు. తోతాపురిని కోసుకుని ఉప్పూ కారం వేసుకుని తింటాం గానీ, పండుగా కొనేవాళ్లు తక్కువ. దానికి గుజ్జు ఫ్యాక్టరీయే దిక్కు.

అయినా మీ ప్రశ్న మంచిదే. 2024లో రిజర్వ్ బ్యాంకు విడుదల చేసిన అధ్యయన పత్రాల్లో, మీరు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది ఎంతో అంచనా కట్టారు. టమాటాకు 33 పైసలు, ఉల్లికి 36, అరటికి 31. మామిడికి 43. అందులో మామిడి రైతే కొంత నయం.

మదనపల్లె_టమాటా
జూలై 3, 2025, సాయంత్రం 5:52

33 పైసలా? మాస్టారూ, అది సగటు. 2023 జూలైలో టమాటా కిలో 150 దాటినప్పుడు మా వీధిలో ఒకాయన కారు కొన్నాడు, పేపర్లో ఫోటో. అది చూసి వేసినవాళ్లం మేము. సెప్టెంబరుకు కోత కూలి రాలేదు, రోడ్డు పక్కన పోశాం. కారు ఫోటో వేసిన పేపరువాళ్లు మా ఫోటో కూడా వేశారు, లోపలి పేజీలో.

రైతుబిడ్డ_చిత్తూరు
జూలై 24, 2025, రాత్రి 9:00

కోత అయిపోయింది. మొత్తం 19 టన్నుల చిల్లర తోలాను. మొన్న 22న మన రాష్ట్రానికి కూడా కేంద్రం ఒప్పుకుంది అని చదివాను. లక్షా 62 వేల టన్నుల చిల్లరకు, క్వింటాలు 1,490 రూపాయల 73 పైసలు. ఇది మాకు 4 రూపాయలకు అదనమా, అందులోనేనా?

లెక్కల_మాస్టారు
జూలై 24, 2025, రాత్రి 9:35

అదనం అనుకోకండి. రాష్ట్రం ఇస్తామన్న దాంట్లో కేంద్రం వాటాగానే చూడండి. ఆ పథకంలో ఒక రాష్ట్రం పంటలో 25 శాతానికి మించి తీసుకోరు. ఈ ఏడాదికి ముందు 20 శాతమే ఉండేది. అంటే నాలుగు కాయల్లో ఒక కాయకే కేంద్రం పలుకుతుంది.

పెన్నేటి_చీనీ
జూలై 25, 2025, ఉదయం 6:30

కేరళ వాళ్లు 2020 నవంబరు నుంచి పదహారు రకాల పంటలకు కనీస ధర పెట్టారు. సాగు ఖర్చు మీద 20 శాతం కలిపి. టమాటా కిలో 8, అనాస 15 అప్పట్లో. చిన్న రాష్ట్రం, తక్కువ పంట, వాళ్లకు కుదిరింది. మన దగ్గర ఒక్క అనంతపురం చీనీ కొనాలన్నా ఎన్ని లారీలు కావాలో.

రైతుబిడ్డ_చిత్తూరు
సెప్టెంబరు 6, 2025, రాత్రి 8:10

ఫ్యాక్టరీ నుంచి మొదటి విడత పడింది. కిలోకు 5 లెక్కన. 'మిగతాది?' అని ఫోన్ చేస్తే, 'గుజ్జు కదలనీ చూద్దాం' అన్నారు. ప్రభుత్వం 4 ఇంకా నా ఖాతాలో పడలేదు. అది వస్తే 9. నా 6.40 దాటినట్టే. రాకపోతే మీకు తెలిసిందే.

ఇంకో సంగతి. మొన్న 3న జీఎస్టీ మండలి మామిడి గుజ్జు మీద, పండ్ల రసాల డ్రింకుల మీద పన్ను 12 నుంచి 5 చేసింది కదా, 22 నుంచి అమలు. మాకేమైనా వస్తుందా?

గుజ్జు_పాతకాపు
సెప్టెంబరు 6, 2025, రాత్రి 9:00

ఈ ఏడు రాదు, మీ కాయ ఎప్పుడో డ్రమ్ములో పడింది. పన్ను తగ్గి డ్రింకు అమ్మకం పెరిగితే పాత డ్రమ్ములు ఖాళీ అవుతాయి. డ్రమ్ములు ఖాళీ అయితే వచ్చే జూన్‌లో గేటు దగ్గర మిమ్మల్ని చూసి నవ్వుతారు. అంతవరకే ఆశపడండి. వచ్చే ఏడు కాపు తగ్గినా రేటు పెరుగుతుంది, అది పన్ను మహిమ అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

కందనవోలు_ఉల్లి
సెప్టెంబరు 27, 2025, ఉదయం 8:00

మా వంతు వచ్చింది. ప్రభుత్వం క్వింటాలు 1,200కు కొంటామంది. యార్డు నిండిపోయింది, వానకు మొలకలొచ్చాయి. ఇప్పుడు కొనడం కాకుండా హెక్టారుకు 50 వేలు ఇస్తామంటున్నారు. జూలైలో 'చూద్దాం' అని రాశాను ఇక్కడే. చూశాను.

రైతుబిడ్డ_చిత్తూరు
సెప్టెంబరు 28, 2025, సాయంత్రం 7:15

ఉల్లి అన్నా, ఏం చెప్పాలో తెలియడం లేదు.

నేనొక నిర్ణయానికి వచ్చా. తోతాపురి కొమ్మలు కొట్టేసి బేనీషా, ఇమాం పసందు అంటు కట్టిద్దామని. మా ఊళ్లో ఇప్పటికే ముగ్గురు కట్టించారు. నాయన మాత్రం రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

గుజ్జు_పాతకాపు
సెప్టెంబరు 28, 2025, రాత్రి 8:40

నాలుగెకరాలూ ఒకేసారి వద్దు నాయనా. కొట్టిన చెట్టు మళ్లీ కాపుకు రావడానికి రెండు మూడేళ్లు. ఆ రెండు మూడేళ్లూ ఇంట్లో ఏం తింటారు? పైగా ఈ ఏడు జిల్లాలో ఎంతమంది అదే పని చేస్తున్నారో లెక్క వేయండి. అందరి బేనీషా ఒకే ఏడు కాపుకొస్తే బేనీషా కూడా లైనులో నిలబడుతుంది. ఒక ఎకరం చేయండి, గట్టు పక్క వరసలు.

పెన్నేటి_చీనీ
సెప్టెంబరు 28, 2025, రాత్రి 9:05

మా బావమరిది కట్టించాడు. కోసిన చోట వెంటనే బోర్డో పేస్టు పూయాలి, లేకపోతే కాండం తొలుచు పురుగు దిగుతుంది. కొత్త చిగుళ్లన్నీ ఉంచొద్దు, కొమ్మకు రెండు మూడు ఉంచి అవి పెన్సిల్ లావు అయ్యాక అంటు కట్టాలి. ఒక కొమ్మ కొట్టకుండా వదలండి, చెట్టుకు ఊపిరి ఆడుతుంది.

రైతుబిడ్డ_చిత్తూరు
సెప్టెంబరు 28, 2025, రాత్రి 9:30

సరే, ఒక ఎకరమే. ఏ వరస కొట్టాలో నాయననే చూపించమంటా. అప్పుడన్నా మాట్లాడతాడేమో.

శ్రీనివాసపుర_తోట
సెప్టెంబరు 28, 2025, రాత్రి 9:48

ఇమాం పసందు పుల్లలు మా తోటలో ఉన్నాయి, ఎన్ని కావాలో చెప్పండి, నేనే తెస్తా. చెక్‌పోస్టులో పుల్లలు ఆపరు కదా?